బోరు మనది, నీరు ఎవరిది?

ఇషా నమాజు తరువాత, పడుకోబోయే ముందు సూరా ముల్క్ పఠించే అలవాటు మనలో చాలామందికి ఉంది. 30 ఆయత్‌ల ఆ సూరా ఒక ప్రశ్నతో ముగుస్తుంది. మీ నీరు భూమి అడుగుకు ఇంకిపోతే మీకోసం పారే నీటిని తెచ్చిపెట్టేది ఎవరని అల్లాహ్ తన ప్రవక్త (స) చేత మనల్ని అడిగిస్తున్నాడు. మద్రసాలో ఉండగా ఈ ఆయత్‌ను కంఠస్థం చేశాను, తఫ్సీరు చదివాను, జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు వినిపించాను. దాని భావం నాకు తెలుసునని అనుకునేవాణ్ణి. తెలియదని అర్థమైంది ఒక రైతు మస్జిద్ మెట్ల దగ్గర నిలబడి నన్ను ప్రశ్నించిన రోజున.

రాయలసీమలో నేను ఇమామత్ చేసే ఊరు చిన్నది. మస్జిద్ ఆవరణలో పాత చేదబావి ఒకటి ఉంది. అది ఎండిపోయి చాలా ఏళ్ళయింది. వుజూకు ట్యాంకరు నీళ్ళు కొనలేక, చందాలు పోగుచేసి బోరు వేయించాం. 60 అడుగుల దగ్గర కాస్త తడి తగిలింది. బోరు బండివాళ్ళు దాన్ని లెక్కచేయలేదు, మేమూ లెక్కచేయలేదు. ఆ తరువాత ఎంత పోయినా తెల్లటి రాతి దుమ్మే. చివరకు 620 అడుగుల దగ్గర జల పడింది. రెండించుల నీళ్ళు! అందరం అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాం. పిల్లలకు మిఠాయి పంచారు.

మూడు నెలలు గడిచాయి. అస్ర్ నమాజు ముగించి బయటికి వస్తుంటే, మస్జిద్ వెనుక చేను గల పెద్దాయన చెప్పులు పక్కన విడిచి మెట్ల కింద నిలబడి ఉన్నాడు. ఆయనను మేమంతా మామా అనే పిలుస్తాం.

"సాబూ, ఒక మాట అడగాలని వచ్చినా" అన్నాడు. "మీ బోరు పడినప్పట్నుంచి నా బావిలో నీళ్ళు దిగిపోయినాయి. మా తాత తవ్వించిన బావి అది. కపిల తోలినాం, ఇంజను పెట్టినాం. కరువు నాడు కూడా అడుగున మోకాలిలోతు నీళ్ళుండేవి. ఇప్పుడు బండ కనపడతాంది. దేవుని ఇంటికి ఏసుకున్న బోరు, కాదనడానికి నేనెవర్ని? మీ పుస్తకాల్లో దీనికేమన్నా రాసినారేమో కనుక్కుందామని వచ్చినా, అంతే."

"చూసి చెప్తాను మామా" అన్నాను. ఆ రాత్రి కితాబు తీశాను. అందులో దీని గురించి రాసే ఉంది. రాసి ఉన్న మాటే నన్ను కలవరపెట్టింది.

బావి హద్దు

హనఫీ మద్రసాలో చదివిన ప్రతి విద్యార్థికీ హిదాయా గ్రంథం తెలుసు. దాన్ని రచించిన బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) ఫర్గానా ప్రాంతానికి చెందినవారు. హిజ్రీ 593లో, అంటే క్రీ.శ. 1197లో పరమపదించారు. బంజరు భూములను సాగులోకి తెచ్చే అధ్యాయంలో ఆయన బావి 'హరీమ్' గురించి చర్చించారు. ఒకరు బావి తవ్వితే దాని చుట్టూ కొంత స్థలం ఆ బావికే చెందుతుంది. ఆ హద్దు లోపల మరొకరు బావి తవ్వరాదు. పశువులకు నీళ్ళు తోడే బావికి 40 మూరలు. ఒంటె చేత లాగించి పొలానికి పారించే బావికి ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయంలో అంతే గాని, ఆయన శిష్యులిద్దరూ 60 మూరలన్నారు. ఊటకైతే 500 మూరలు.

మూర అంటే అడుగున్నర. మరునాడు ఫజ్ర్ తరువాత నేనూ ముతవల్లీ గారూ టేపు పట్టి కొలిచాం. మా బోరుకూ మామ బావికీ నడుమ 130 అడుగులు. 40 మూరలకు 60 అడుగులు, 60 మూరలకు 90 అడుగులు. ఏ లెక్కన చూసినా మేము హద్దు బయటే ఉన్నాం. హద్దు బయట తవ్విన రెండో బావి వల్ల మొదటి బావి నీరు పోయినా, తవ్వినవాడు హద్దుమీరినవాడు కాడు గనుక అతని మీద ఏ పరిహారమూ లేదని కూడా హిదాయాలో స్పష్టంగా ఉంది.

ఈ మాట వినగానే కమిటీలో ఒక పెద్దాయన తేలికగా ఊపిరి పీల్చుకున్నారు. "ఇంకేముంది హజ్రత్, షరీఅత్ ప్రకారం మన మీద ఏమీ లేదు. ఆయనకు ఆ మాటే చెప్పేయండి" అన్నారు.

నేను చెప్పలేకపోయాను. ఎందుకంటే అదే అధ్యాయంలో, ఆ మాటకు కొన్ని పంక్తుల ముందే, చదువుకునే రోజుల్లో పరీక్షకు పనికిరాదని మేము దాటేసిన ఒక చిన్న మాట ఉంది. ఈ మూరల లెక్క అరబ్బు నేలకు చెప్పిందని, అక్కడి నేల గట్టిదని, మా ప్రాంతపు నేల మెత్తనిది గనుక ఇక్కడ హద్దును పెంచాలని, లేకుంటే నీరు రెండో బావికి మళ్ళి మొదటిది పాడుబడుతుందని కొందరు పండితులు చెప్పినట్లు ఆయన పేర్కొన్నారు. గమనించండి! 800 ఏళ్ళకు పూర్వం ఫర్గానాలో కూర్చున్న ఒక ఫిఖహ్ పండితుడు కింద నేల ఎలాంటిదని ఆలోచించాడు, నీరు ఒక బావి నుండి మరో బావికి మళ్ళుతుందని ఆలోచించాడు. చేత్తో తోడే బావికి ఒక హద్దు, ఒంటె లాగే బావికి ఒక హద్దు అన్నప్పుడు తోడే సాధనాన్ని కూడా ఆలోచించారు. మరి ఒంటెకు 60 మూరలైతే, ఏడున్నర హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారుకు ఎన్ని మూరలు? నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు. అయితే హద్దు ఎందుకు పెట్టారో తెలియకుండా హద్దును కొలిచి చేతులు దులుపుకోవడం ఫిఖహ్ అనిపించుకోదు.

బండ కింద ఏముంది?

కనుక కింద నేల ఎలాంటిదో తెలుసుకోవలసి వచ్చింది. భూగర్భ జలాల గురించి తెలిసినవారిని అడిగాను, చదివాను. నాకు అర్థమైనది మీకు చెబుతాను.

భూమి కింద నదులు పారుతుంటాయని, పెద్ద పెద్ద చెరువులు ఉంటాయని మనం అనుకుంటాం. మన ప్రాంతంలో అలా ఉండదు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ చాలాచోట్ల అడుగున ఉన్నది గ్రానైటు బండ. పైన కొంత మట్టి, దాని కింద యుగాల తరబడి ఎండకూ వానకూ చివికి మెత్తబడిన రాయి, మొరం. ఆ కింద గట్టి బండ, ఆ బండలో అక్కడక్కడా పగుళ్ళు. వాన కురిసినప్పుడు చాలా భాగం వాగులకు పోతుంది, ఆవిరైపోతుంది, పైరూ చెట్టూ తాగేస్తాయి. మిగిలింది మట్టిలోంచి మొరంలోకి దిగి, మొరంలోంచి పగుళ్ళలోకి దిగుతుంది. నానబెట్టిన స్పంజీలో నీళ్ళున్నట్లు మొరంలో నీళ్ళుంటాయి. మన తాతల బావులన్నీ ఆ మొరంలో ఊరిన నీటి మీదే బ్రతికాయి. బండ పగుళ్ళలో ఉండేది చాలా తక్కువ. అదీ పైనున్న మొరంలోంచి దిగిందే.

సూరా జుమర్ 21వ ఆయత్‌లో అల్లాహ్ ఆకాశం నుండి నీటిని దించి దాన్ని భూమిలో ఊటలుగా నడిపించిన సంగతి ఉంది. సూరా మూమినూన్ 18వ ఆయత్‌లో ఒక కొలత ప్రకారం నీటిని దించి భూమిలో నిలిపామని, దాన్ని తీసుకుపోయే శక్తి కూడా తమకుందని హెచ్చరిక ఉంది. ఇలాంటి ఆయత్‌లు చూపించి, నేటి సైన్సు మన గ్రంథంలో ముందే ఉందని చప్పట్లు కొట్టించుకోవడం కొందరు ప్రసంగకర్తలకు అలవాటైంది. ఆ చప్పట్ల వల్ల ఏ బావిలోనూ ఒక్క చేద నీరు పెరగలేదు. నన్ను నిలదీసింది ఆ ఆయత్‌లోని 'కొలత' అన్న మాట.

ఆ కొలత ఎంతో లెక్క వేసి చూద్దాం. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లు. అంటే ఏడాదికి ఎకరానికి దాదాపు 22 లక్షల లీటర్లు. గట్టి బండ ప్రాంతాల్లో ఇందులో ఇంచుమించు పదో వంతే భూమిలోకి దిగి బావులకు అందుతుంది, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. పదో వంతే అనుకుంటే 2 లక్షల 20 వేల లీటర్లు. ఇక బోరు కింద ఒక్క ఎకరం వరి పండించడానికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి, అంటే 48 లక్షల లీటర్లు. ఒక ఎకరం వరి 20 ఎకరాలకు పైగా నేల కింద ఏడాది పొడుగునా దిగిన నీటిని తాగేస్తుందన్నమాట. ఆ 20 ఎకరాలూ ఆ రైతువేనా? కావు. పక్కవాడి చేను కింద దిగినది, ఊరి శ్మశానం కింద దిగినది, మస్జిద్ కింద దిగినది అన్నీ కలిసి ఆ మోటారు గొంతులోకి వస్తున్నాయి.

బోరులో మోటారు తిరిగినప్పుడు చుట్టూ నీటిమట్టం గరాటు ఆకారంలో కిందికి కుంగుతుంది. ఎంత సేపు తోడితే గరాటు అంత వెడల్పవుతుంది. పగుళ్ళు ఎటు సాగితే అటు లాగుతుంది. 130 అడుగులు దానికొక లెక్క కాదు. ఇంకో సంగతి విని నేను తల దించుకున్నాను. మా బోరులో 60 అడుగుల దగ్గర తగిలిన తడి ఉంది చూశారా, అది మొరం అడుగున నిలిచిన నీరు. మామ బావి లోతు 55 అడుగులు. మేము కేసింగ్ పైపు 40 అడుగులకే ఆపాం, ఖర్చు తగ్గుతుందని. దాంతో ఆ పై నీరు బోరు గోడ వెంట రాత్రింబవళ్ళు కిందికి జారిపోతూ వచ్చింది. మోటారు ఆపినా అది ఆగలేదు. లోతున పడిన జలను మేము దైవానుగ్రహమన్నాం. అందులో కొంత భాగం ఒక పెద్దాయన బావి నుండి దిగినదే.

నీటి విషయంలో తీర్పు

మదీనాలో హర్రా ప్రాంతపు కాలువ నీటి గురించి హజ్రత్ జుబైర్ (రజి)కీ ఒక అన్సారీకీ తగాదా వచ్చింది. సహీహ్ బుఖారీలో ఈ ఉదంతం ఉంది. జుబైర్ (రజి) చేను ఎగువన, అన్సారీది దిగువన. దైవప్రవక్త (స) మొదట జుబైర్‌తో, నీ చెట్లకు పెట్టుకుని నీటిని నీ పొరుగువాడికి వదిలెయ్యి అన్నారు. తగాదా పెరగకుండా సర్దుబాటు చేసిన మాట అది. అన్సారీకి కోపం వచ్చి, ఆయన మీ మేనత్త కొడుకు కాబట్టి ఇలా అంటున్నారని ఆక్షేపించాడు. ప్రవక్త (స) ముఖవర్ణం మారిపోయింది. అప్పుడు ఎగువ రైతుకు చట్టప్రకారం దక్కే పూర్తి హక్కును జుబైర్‌కు ఇప్పించారు: పాదుల గట్టుల దాకా నీరు నిండేవరకు ఆపుకో, తరువాత వదులు. అది చీలమండ మునిగేంత లోతని తరువాతి వారు కొలిచి చెప్పారు.

ఇందులో మనం గమనించవలసింది రెండు తీర్పుల వరుసను. పూర్తి హక్కు ఎంతో ప్రవక్త (స)కు మొదటే తెలుసు. తెలిసి కూడా మొదట చెప్పింది హక్కులో కొంత వదులుకుని పొరుగువాడికి ముందే నీరు పంపమని. పూర్తి హక్కుకు కూడా ఒక కొలత ఉంది, అది చీలమండ దగ్గర ఆగిపోతుంది. మన కమిటీ పెద్దాయన అన్నట్లు 'మన మీద ఏమీ లేదు' అన్నది రెండో తీర్పు. మన ప్రవక్త (స) మొదటి తీర్పు మాటేమిటి?

నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ముస్లింలంతా భాగస్వాములని అబూ దావూద్ హదీసులో ఉంది. ఎవరి పొరుగువాడు అతని కీడు నుండి సురక్షితంగా లేడో అతడు విశ్వాసి కాడన్న బుఖారీ హదీసు మనకందరికీ తెలిసిందే. ఆ పొరుగువాడు ఏ మతస్థుడని అందులో షరతు ఏమీ లేదు.

ప్రభుత్వాలకు కూడా ఈ సంగతి ఆలస్యంగానైనా అర్థమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వాల్టా చట్టం వచ్చింది. ప్రజలు తాగే నీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయరాదని అందులో ఉంది. మన పాత కితాబుల్లోని హరీమ్‌ను ఇప్పటి మోటారుకు తగినట్లు సాగదీస్తే దాదాపు అలాగే ఉంటుంది. ఆ చట్టం ఊళ్ళలో ఎంతవరకు అమలవుతోందో మీకే తెలుసు.

పాకీ నీరు, పనికిరాని నీరు

తోడుకోవడం ఒక ఎత్తు, లోపలికి వదలడం మరో ఎత్తు. నీటి రేవుల్లో, దారిలో, నీడలో మలవిసర్జన చేయడం శాపగ్రస్తమైన పనులని హజ్రత్ ముఆజ్ (రజి) హదీసు తెలుపుతోంది. నిలిచి ఉన్న నీటిలో మూత్రవిసర్జన చేయరాదని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఇవి చదివి, మనమెవరం చెరువు గట్టున కూర్చోవడం లేదు కదా అనుకుంటాం. కాని ఎండిపోయిన బోరులోకి మరుగుదొడ్డి పైపు పెట్టేవారు లేరా? గుంత తవ్వే ఖర్చు మిగిలిందని సంతోషిస్తారు. మొరం పొర గుండా మెల్లగా దిగితే ఆ మట్టి మురికిని కొంతైనా వడకడుతుంది. బోరులో వేస్తే అది నేరుగా బండ పగుళ్ళలోకి, అక్కడి నుండి పక్కింటి కుళాయిలోకి పోతుంది. కంటికి కనిపించే రేవులో విసర్జించినవాడు శాపగ్రస్తుడైతే, కనిపించని రేవులో వదిలినవాడి సంగతి ఏమిటి?

ఫిఖహ్‌లో నీటి పరిశుద్ధతను రంగు, రుచి, వాసనలను బట్టి చూస్తాం. వుజూకు అది సరిపోతుంది. తాగడానికి సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. మరుగుదొడ్ల గుంతల నుండి వచ్చే నైట్రేటుకు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పాలు తాగే పసిపిల్లలకు ప్రమాదం. ఫ్లోరైడు కూడా అంతే. అది ఎవరూ కలిపింది కాదు, గ్రానైటు రాయిలోంచే నీటిలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ జబ్బును మొట్టమొదట 1937లో గుర్తించింది మన దగ్గరే. అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం వైపు పల్లెల్లో. నల్లగొండ జిల్లా ప్రజలు దీనివల్ల ఎంత నలిగిపోయారో అందరికీ తెలుసు. కృష్ణా నీరు కుళాయిల్లో వచ్చేదాకా చాలా ఊళ్ళకు ఆ బోరు నీళ్ళే గతి. ఈ నీటిని కాచినా ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ అది మరింత చిక్కనవుతుంది కూడా. చాలామంది తల్లులకు ఇది తెలియదు. చెప్పండి.

ఫ్యాక్టరీల సంగతి ఇంకా ఘోరం. హైదరాబాదు పక్కన పటాన్‌చెరు ప్రాంతంలో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే ప్లాంటు నుండి బయటికి వస్తున్న నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. శుద్ధి చేశాక వదిలిన ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. 2009లో చుట్టుపక్కల చెరువులతోపాటు పల్లె బావుల్లోనూ మందుల అవశేషాలు కనుగొన్నారు. జబ్బు నయం చేసే మందే నీటిలో చేరి, మందుకు లొంగని క్రిములను పెంచుతోంది. భూమిపైనా సముద్రంలోనూ చెలరేగే కల్లోలం మానవులు చేజేతులా చేసుకున్నదేనని సూరా రూమ్ 41వ ఆయత్ చెబుతోంది. ఆ కంపెనీల్లో జీతం తీసుకునేవారిలో నమాజీలు కూడా ఉన్నారు. రాత్రిపూట వాల్వు తిప్పమని పైవాడు చెప్పినప్పుడు ఏం చేయాలో వారు నన్ను అడిగితే, తిప్పవద్దనే చెబుతాను. ఉద్యోగం పోతే ఎలా అని అడిగితే నా దగ్గర తేలికైన సమాధానం లేదు.

మా మస్జిద్‌లో ఏం చేశాం?

బోరు బండిని మళ్ళీ పిలిపించి మొరం దాటేదాకా కేసింగ్ దింపి చుట్టూ సిమెంటు పోయించాం. అందుకు మళ్ళీ చందా అడగవలసి వచ్చింది. 'ఎవరి బావి కోసమో మనం డబ్బివ్వాలా' అని గొణిగినవారూ ఉన్నారు, మారుమాట్లాడకుండా ఇచ్చినవారూ ఉన్నారు. నీటిని పరీక్షకు పంపితే ఫ్లోరైడు హద్దు దాటిందని వచ్చింది. ట్యాంకు మీద 'వుజూకు మాత్రమే' అని పెద్ద అక్షరాలతో రాయించాం.

తరువాత వుజూ నీటిని కొలిచాం. కుళాయి తిప్పి వదిలేసి వుజూ చేసే మనిషి కింద బకెట్టు పెడితే ఆరు లీటర్ల దాకా వచ్చింది. పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో దుబారా కూడదన్న హదీసును మనం తరచుగా వినిపిస్తాం, దాని సనద్‌లో బలహీనత ఉందని ముహద్దిసులు అన్నారు. ఆ హదీసు లేకపోయినా, ప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరుకు అటూ ఇటూగా ఉండే నీటితో వుజూ చేసేవారన్న హజ్రత్ అనస్ (రజి) హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. అదే చాలు. మూలన పడేసిన బద్నాలను కడిగి మళ్ళీ వరుసగా పెట్టాం. ముసలివారికి అలవాటే, కుర్రవాళ్ళే మొదట నవ్వారు.

వుజూ చేసిన నీటిని, కప్పు మీద పడే వాన నీటిని కంకర, ఇసుక నింపిన గుంతగుండా వడకట్టి పాత చేదబావిలోకి మళ్ళించాం. మరుగుదొడ్డి పైపు మాత్రం అటు రానివ్వకుండా ఆవరణకు రెండో కొసన గుంతకు కలిపాం. బావికి కనీసం 15 మీటర్లు దూరం ఉండాలంటారు, మేము అంతకు రెట్టింపు పెట్టాం. పగుళ్ళ సంగతి తెలిశాక 15 మీటర్ల మీద నాకు నమ్మకం తగ్గింది.

వానలు వెళ్ళాక మామ ఒక సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఈసారి చెప్పులు విప్పలేదు, పొలం నుంచి నేరుగా వస్తున్నాడు.

"ఎట్లుంది మామా బావి?" అన్నాను.

"మోకాలిలోతు లేదు గానీ సాబూ, దిగి చూస్తే చీలమండ మునుగుతాంది" అన్నాడు.

ఎండాకాలం ఇంకా రావలసి ఉంది. అప్పుడు నిలుస్తుందో లేదో అల్లాహ్‌కే ఎరుక. అందాకా మోటారు పెట్టెకు తాళం వేశాం. ఫజ్ర్ తరువాత ముతవల్లీ గారు వచ్చి గంటసేపు వేసి, ట్యాంకు నిండగానే ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్తున్నారు.